రాగనామములలో దాగిన లెక్క

“మదనుని బాణముల ఇంట అయిదవ గదిలో, ఆ మదనుని దహించిన దేవుని నగ యున్నది. దాని పేరేమి?”

ఇట్టి ప్రశ్నను మొదటిసారి విన్నవారు తెల్లబోవుట సహజము. ఇందు రాగమను మాట లేదు, పాట యను మాటయు లేదు. అయినను జవాబు ప్రశ్నలోనే యున్నది: ధీరశంకరాభరణము. సంగీత సాహిత్యములయందు అభిరుచి గల నలుగురు కూడినచోట ఇట్టి గూఢప్రశ్నలు వేసికొని విప్పుకొనుట చక్కని వినోదము. అది మన పిల్లల తెలుగునకు ఎట్లు అక్కరకు వచ్చునో తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

కర్ణాటక సంగీతమున మేళకర్త రాగములు 72. వీనిని ఆరేసి చొప్పున 12 చక్రములుగా విభజించిరి. ఆ చక్రములకు ఒకటి, రెండు అని అంకెలు పెట్టక ఇందు, నేత్ర, అగ్ని, వేద, బాణ, ఋతు, ఋషి, వసు, బ్రహ్మ, దిశి, రుద్ర, ఆదిత్య యని పేళ్లు పెట్టిరి. చంద్రుడొక్కడు, కన్నులు రెండు, అగ్నులు మూడు. ఇట్లు ద్వాదశాదిత్యులవరకు పేరే సంఖ్యను చెప్పును. మదనుని బాణములు అయిదు గనుక అది అయిదవ చక్రము. 25వ మేళము మొదలు 30వ మేళమువరకు దాని ఆరు గదులు. అయిదవ గది 29. శంకరుని ఆభరణ మక్కడ నున్నది.

ఇది ఒక త్రోవ. జవాబు సరియో కాదో తేల్చుకొనుటకు రెండవ త్రోవ కూడ కలదు. అదియే కటపయాది. మన వర్ణమాలలో క మొదలు ఝ వరకు 1 నుండి 9, ఞ సున్న. ట మొదలు ధ వరకు మరల 1 నుండి 9, న సున్న. ప మొదలు మ వరకు 1 నుండి 5. య మొదలు హ వరకు 1 నుండి 8. రాగనామపు మొదటి రెండక్షరముల అంకెలు తీసి త్రిప్పి చదివినచో మేళసంఖ్య వచ్చును. ‘ధీర’లో ధ 9, ర 2, త్రిప్పగా 29. శంకరాభరణము, తోడి మునుపే వాడుకలోనున్న పేళ్లు. లెక్క కుదురుటకై వాని ముందు ‘ధీర’, ‘హనుమ’ అను ముక్కలు చేర్చిరి. హ 8, న సున్న. తోడి 8వ మేళము.

ఇక అసలు సంగతి. 20వ మేళము పేరును చాలమంది నటభైరవి యని వ్రాయుదురు. అట్లు వ్రాసినచో న సున్న, ట 1, త్రిప్పగా 10. అది నాటకప్రియ స్థానము! 20 రావలెనన్న అక్కడ ఠ ఉండితీరవలెను: నఠభైరవి. ఒక్క ఒత్తు తప్పినందుకు రాగము వేదముల ఇల్లు విడిచి కన్నుల ఇంటికి పోయినది. “ఠకారము నేర్చుకొనుట దేనికి, ఎవరు పలుకుచున్నారు?” అని అడుగు పిల్లవానికి ఇంతకన్న మంచి సమాధానము నాకు తోచదు.

తమిళనాట నున్న మనకు ఈ చిక్కు మరింత దగ్గరిది. తమిళలిపిలో ట, ఠ, డ, ఢ నాలుగింటికి ఒకే అక్షరము. తమిళమునకు అది చాలును, లోపము కానేకాదు. కాని త్యాగరాజస్వామి కృతులను ఆ లిపిలో అచ్చువేయువారు అక్షరముల ప్రక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేయవలసి వచ్చుచున్నది. ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు కీర్తనలను ఆ అంకెల సాయమున పాడు పిల్లలు మనలో తక్కువమంది కారు. 2006వ సంవత్సరపు చట్టముతో ఇచ్చటి బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అయితే తెలుగక్షరమునకు బడిలో దొరకని గంటను ఇంటిలో సమకూర్చవలెను. బలవంతపు చూచివ్రాత కన్న ఈ ఆట మేలు. పైగా ఈ లెక్క మనకు పరాయిదికాదు. 72 మేళముల ప్రస్తారమును చతుర్దండీ ప్రకాశికలో చూపిన వేంకటమఖి 17వ శతాబ్దమున తంజావూరిలో విజయరాఘవ నాయకుని కాలమువాడు; ఆ నాయకుడు స్వయముగా తెలుగున యక్షగానములు రచించినవాడు.

ప్రశ్న కట్టువారికి ఒక్క నియమము చాలును: జవాబునకు రెండు త్రోవలుండవలెను, రెండును ఒకేచోట కలియవలెను. ఎవరు ఏ యేట పుట్టిరని అడుగుట జ్ఞాపకశక్తికి పరీక్షయే గాని గూఢప్రశ్న కాదు. వాగ్గేయకారుల ముద్రలు ఇందులకు మంచి సరకు. “నర్తకి కాలికి కట్టుకొనునదే ఊరిపేరు, ఆ యూరి గోపాలుని పదములలో పిలిచినవా డెవడు?” అన్నచో మువ్వగోపాలుడు, ఆ వెంట క్షేత్రయ్య దొరకుదురు. ముత్తుస్వామి దీక్షితులైతే రాగము పేరునే సాహిత్యములో పొదిగిరి. ‘వాతాపి గణపతిం’ కీర్తన చివర హంసధ్వని యను పేరు వినాయకుని విశేషణములో ఒదిగియున్నది. పెద్దపిల్లలకు పింగళి సూరన రాఘవపాండవీయమును చూపవచ్చును; అందు ఒకే పద్యము రామకథయు, భారతకథయు చెప్పును.

సంయుక్తాక్షరములతో మాత్రము జాగ్రత్త. చక్రవాకములో ‘క్ర’కు కకారమును లెక్కించిన 16 వచ్చును; రత్నాంగిలో ‘త్న’కు నకారమును లెక్కించిననే 2 వచ్చును. పెద్దలు లెక్క కుదురుటకు కొంత స్వేచ్ఛ తీసికొనిరి. చిన్నపిల్లలకు మొదట కనకాంగి, మాయామాళవగౌళ, చారుకేశి వంటి తేలిక పేళ్లే ఇయ్యవలెను.

ఈ రాత్రి భోజనానంతరము ఇంటిల్లిపాది విప్పుటకు ఒక ప్రశ్న: “రుద్రుల ఇంట అయిదవ గదిలో పెండ్లికళ ఉట్టిపడుచున్నది. ఆ గదిలోని ఆమె యెవరు? గడప దాటుటకు ఆమె తన పేరు ముందు తగిలించుకొన్న రెండక్షరము లేవి?” జవాబు ఇచ్చట అచ్చువేయుట లేదు, పలకమీద కటపయాది వ్రాసికొన్న పిల్లవాడే చెప్పగలడు.