చుట్టుదారే నయం

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి ఊళ్లో ఇరవయ్యేళ్ల కిందట కొన్ని ఇళ్లకప్పుల మీద యాంటెన్నాలు లేచాయి. కింద మామూలు వైఫై కార్డు దూర్చిన కంప్యూటరు. బిగించుకున్నది ఇళ్లలో ఉండేవాళ్లే, స్వచ్ఛందంగా. ఎం.ఐ.టి. పరిశోధకులు అల్లిన ఈ వల పేరు రూఫ్‌నెట్. 37 ఇళ్ల దాకా పాకింది. తీగలు లేకుండా ఒక ఇంటి సమాచారం ఇంకో ఇంటికి, అక్కణ్ణించి మరో ఇంటికి మజిలీలు చేసుకుంటూ ఇంటర్నెట్ ఉన్న చోటికి చేరాలి.

ఏ ఇళ్ల మీదుగా? అప్పట్లో చాలా పద్ధతులు మజిలీలు లెక్కపెట్టేవి: ఎన్ని తక్కువైతే అంత మంచి దారి. తీగల లోకంలో అది చెల్లుతుంది. తీగ అయితే పనిచేస్తుంది, లేదా తెగి ఉంటుంది. గాలిలో మాత్రం పదికి ఆరు ప్యాకెట్లే (సమాచారపు తునకలే) చేరే సగం సగం లంకెలే ఎక్కువ. పైగా మజిలీలు తగ్గాలంటే ఒక్కో అంగ పొడుగ్గా వెయ్యాలి. అంటే ఆ లెక్క ఏరికోరి బలహీనమైన లంకెనే పట్టుకుంటుందన్నమాట!

2003లో ఇదే ఎం.ఐ.టి. బృందంలోని డగ్లస్ డి కౌటో, డేనియల్ అగ్వాయో, జాన్ బికెట్, రాబర్ట్ మోరిస్ ఆ లెక్కనే మార్చారు. వాళ్ల కొలత పేరు ఈటీఎక్స్. ప్యాకెట్ అవతలికి చేరాలంటే సగటున ఎన్నిసార్లు పంపాల్సి వస్తుంది? అది అడిగేది ఇంతే.

వైఫైలో ప్యాకెట్ అందగానే అవతలి రేడియో చిన్న రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే ఇవతలివాడు మళ్లీ పంపుతాడు. కాబట్టి పోయే దారే కాదు, వచ్చే దారీ బాగుండాలి. పోతూ నూటికి 60, వస్తూ నూటికి 60 చేరే లంకె ఉందనుకోండి. పని జరిగే అవకాశం 0.36. ఒకటిని దాంతో భాగిస్తే 2.78 సార్లు. అదే మధ్యలో ఇంకో ఇల్లు పెట్టుకుని, అటూ ఇటూ 95 చొప్పున చేరే రెండు అంగలు వేస్తే ఒక్కోదానికి 1.11, మొత్తం 2.22. చుట్టుదారే గెలిచింది.

ఆ శాతాలు కనుక్కోవడమెలా? ప్రతి యంత్రం సెకనుకొక పరీక్ష ప్యాకెట్‌ను అందరికీ కలిపి వదులుతుంది. అందరికీ వేసిన కేకకు రసీదు ఉండదు, మళ్లీ పంపడమూ ఉండదు. పోయింది పోయినట్టే తెలుస్తుంది. గత పది సెకన్లలో ఎన్ని విన్నామో పొరుగువాళ్లు తమ కేకలోనే చెప్పుకుంటారు. నాకు బాగా నచ్చిన కిటుకు ఇదే. 29 యంత్రాల మీద పరీక్షిస్తే, దూరపు దారుల్లో వేగం తరచు రెట్టింపు, అంతకు మించి కూడా పెరిగింది.

లోపాలూ ఉన్నాయి. లంకె వేగాన్ని ఈ లెక్క పట్టించుకోదు. 2004లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రిచర్డ్ డ్రేవ్స్, జితేంద్ర పాఢ్యే, బ్రయాన్ జిల్ పరీక్షల్లో ఇంకో సంగతి బయటపడింది: కదిలే కంప్యూటర్ ఉన్నచోట పాత మజిలీల లెక్కే నయం. పది సెకన్ల కిందటి కబురు పట్టుకుని దారి వెతికేలోగా కంప్యూటర్ పట్టుకున్న మనిషి గది దాటేస్తాడు మరి.

రూఫ్‌నెట్ బృందంలోని బికెట్, సంజిత్ బిస్వాస్ తదితరులు 2006లో పెట్టిన వైఫై కంపెనీ మెరాకీని 2012లో సిస్కో 120 కోట్ల డాలర్లకు కొన్నది. అదే ఏడాది చిన్న చిన్న సెన్సార్ల వలల కోసం ఆర్‌పీఎల్ అనే ప్రమాణం వచ్చింది. దానికి తోడుగా వెలువడిన దారి ఎంపిక నియమంలో, ఏ కొలతా ప్రత్యేకించి చెప్పకపోతే వాడాల్సింది ఈటీఎక్సే.