పరదేశంలో పాలు పడనివారు

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. గ్లూకోజు, గెలాక్టోజు అనే రెండు చిన్న చక్కెరలు జతకూడితే అది ఏర్పడుతుంది. ఆ జత విడిపోతే తప్ప పేగు గోడలు దాన్ని రక్తంలోకి పీల్చుకోలేవు. విడగొట్టే పని చిన్నపేగు లోపలి పొరలో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైముది. తల్లిపాలు తాగే వయసులో ఇది పుష్కలంగా ఉంటుంది. ఆ తర్వాత ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో క్రమంగా తగ్గిపోతుంది. విడిపోని లాక్టోజ్ పేగులోకి నీటిని లాగుతుంది. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులను వదులుతుంది. సాధారణంగా పాలు తాగిన అరగంట నుంచి రెండు గంటల్లోపు కడుపు ఉబ్బరం, గుడగుడలు, నొప్పి, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి.

దీన్ని జబ్బు అనడం కంటే మనుషుల్లో ఎక్కువమంది తీరు ఇదే అనడం సబబు. తరతరాలుగా పశువుల పాల మీద బతికిన ఉత్తర యూరప్ ప్రజల్లో మాత్రం ఒక జన్యు మార్పు వ్యాపించి, పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తయారవుతూ ఉంటుంది. అదే మార్పు ఉత్తర భారతంలోనూ కనిపిస్తుంది గానీ దక్షిణాదిలో తక్కువ. కాబట్టి తెలుగువారిలో పాలు సరిపడనివారు చాలామందే ఉంటారు. అయినా ఆ సంగతి కొందరికి డల్లాస్‌కో డబ్లిన్‌కో వెళ్లేదాకా తెలియదు.

కారణం మోతాదులో ఉంది. వంద మిల్లీలీటర్ల పాలలో దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఇంట్లో ఒక కప్పు టీకి పట్టేవి యాభై మిల్లీలీటర్ల పాలు అనుకుంటే, అందులో లాక్టోజ్ రెండున్నర గ్రాములు. మిగతా పాలు పెరుగుగా, మజ్జిగగా, నెయ్యిగా మారి అన్నంతో కలిసి కడుపులోకి వెళ్తాయి. విదేశంలో పొద్దున్నే గిన్నెడు కార్న్‌ఫ్లేక్స్‌లో చల్లటి పాలు పోసుకుంటే పన్నెండు గ్రాములు, ఆఫీసుకెళ్తూ పెద్ద గ్లాసు లాటే తాగితే ఇంకో పదిహేడు గ్రాములు. ఆపైన క్రీము వేసిన సూపు, ఐస్‌క్రీము. లాక్టేజ్ తక్కువున్నవారిలో చాలామంది ఒక్కసారికి పన్నెండు గ్రాముల దాకా పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకోగలరని అమెరికా, యూరప్ నిపుణుల సంఘాలు 2010లో తేల్చాయి. శరీరం ఎప్పటిదే. దానికి అందే పాల లెక్క మాత్రం తప్పింది.

అనుమానం వస్తే రెండు వారాలు లాక్టోజ్ ఉన్నవన్నీ మానేసి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి చూడటం తేలికైన పరీక్ష. ఆసుపత్రుల్లో శ్వాసపరీక్ష చేస్తారు. రాత్రంతా పస్తుండి లాక్టోజ్ కలిపిన నీళ్లు తాగాక, రెండు మూడు గంటల పాటు ఊపిరిలో హైడ్రోజన్ ఎంత పెరిగిందో కొలుస్తారు. పాల అలర్జీ వేరు. అది పాలలోని ప్రోటీన్‌కు రోగనిరోధక వ్యవస్థ ఎదురు తిరగడం, కొద్ది చుక్కలతోనూ ప్రమాదం రావచ్చు. పేగుకు ఇన్ఫెక్షన్ సోకిన తర్వాత కొన్ని వారాలు పాలు పడకపోవడమూ ఉంది. అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. బరువు తగ్గడం, మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే మాత్రం నెపం పాల మీద వేసి ఊరుకోకూడదు, డాక్టరును కలవాలి.

పాశ్చాత్య దేశాల్లో ఈ ఇబ్బందికి దారి దగ్గరే ఉంది. ఫ్యాక్టరీలోనే లాక్టేజ్ కలిపి చక్కెరను ముందే విడగొట్టిన లాక్టోజ్ లేని పాలు మామూలు సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతాయి. కాల్షియం, ప్రోటీన్ ఏమీ తగ్గవు. విడిపోయిన చక్కెరలు నాలుకకు ఎక్కువ తీపి కాబట్టి కాఫీలో పంచదార తగ్గించుకోవచ్చు. ఫిన్లాండ్‌లో వంద గ్రాములకు 0.01 గ్రాముల లోపుంటేనే లాక్టోజ్ లేనిదంటారు. ఒక గ్రాము లోపుంటే తక్కువ లాక్టోజ్ అని వేరే రకం. ‘ఏ2’ పాలు అలాంటివి కావు. వాటిలో తేడా ప్రోటీన్‌లోనే, లాక్టోజ్ మామూలు పాలలో ఉన్నంతే.

పెరుగు వదులుకోవాల్సిన పని చాలామందికి ఉండదు. తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది. అంతకంటే ముఖ్యంగా, దాని దగ్గరున్న లాక్టేజ్ మన పేగులోకి వచ్చాక కూడా పనిచేస్తుంది. అందుకే పాలు పడనివారికి కూడా అంతే మోతాదు పెరుగు పడుతుంది. అయితే తయారయ్యాక వేడిచేసిన పెరుగులో ఈ మేలు ఉండదు, డబ్బా మీద ‘లైవ్ కల్చర్స్’ అని ఉందో లేదో చూసుకోవాలి. చలిదేశంలో ఇంట్లో తోడుపెట్టడం పేచీయే. లోపలి దీపం మాత్రం వెలిగించిన ఓవెన్‌లో గిన్నె రాత్రంతా ఉంచితే పేరుకుంటుంది. లాక్టోజ్ లేని పాలు కూడా తోడుకుంటాయి, ఎందుకంటే బ్యాక్టీరియాకు కావలసిన చక్కెర అందులో ఇంకో రూపంలో ఉండనే ఉంది. మజ్జిగ మీద బెంగ ఉన్నవారికి గల్ఫ్ దుకాణాల్లో లబన్, జర్మనీలోని టర్కీ దుకాణాల్లో ఐరాన్ దొరుకుతాయి. కువైట్, దుబాయ్‌లలో పనిచేసే తెలుగువారికి లబన్ కొత్త కాదు.

చీజ్‌లో రకాన్ని బట్టి లెక్క మారుతుంది. నెలల తరబడి మాగబెట్టిన చెడ్డార్, పార్మేజాన్‌లలో లాక్టోజ్ దాదాపు ఉండదు. రికోటా, కాటేజ్ చీజ్ లాంటి మెత్తటివాటిలో ఉంటుంది. నెయ్యికి దిగులే లేదు.

సోయా, ఓట్స్, బాదం పాలలో లాక్టోజ్ అసలే ఉండదు. ఓట్లీ అనే స్వీడన్ కంపెనీ పుట్టుకే ఈ సమస్య నుంచి. లుండ్ విశ్వవిద్యాలయంలో లాక్టోజ్ మీద పరిశోధన చేసిన రికార్డ్ ఓస్టే 1990లలో ఓట్స్‌తో పాలలాంటి పానీయం తయారుచేశాడు. వీటిలో ప్రోటీన్ విషయంలో ఆవుపాలకు దగ్గరగా వచ్చేది సోయా ఒక్కటే. బాదం పాలలో కప్పుకు గ్రాము ప్రోటీన్ ఉంటే గొప్ప. పైగా చిక్కటి కాఫీలో పోస్తే కొన్ని విరిగిపోతాయి.

అసలు చిక్కు కనిపించని పాలతో వస్తుంది. బ్రెడ్, చిప్స్ మీది మసాలా, సూపు పొడులు, జిమ్‌కు వెళ్లేవారు తాగే వే ప్రోటీన్ పొడి వంటివాటిలో కూడా లాక్టోజ్ ఉండొచ్చు. వే ప్రోటీన్‌లో ‘ఐసొలేట్’ రకానికి లాక్టోజ్ చాలా తక్కువ. యూరప్ నిబంధనల ప్రకారం పదార్థాల జాబితాలో పాలను ప్రత్యేకంగా కనిపించేలా ముద్రించాలి. అమెరికాలోనూ 2004 చట్టం పాలున్నాయని చెప్పి తీరాలంటుంది. ‘పాల జాడలు ఉండవచ్చు’ అనే హెచ్చరిక అలర్జీ ఉన్నవారి కోసం, లాక్టోజ్ పడనివారు దానికి జంకక్కర్లేదు. లాక్టిక్ ఆమ్లం పేరు చూసి భయపడటమూ అనవసరం. బయట భోజనానికి వెళ్లేటప్పుడు లాక్టేజ్ మాత్ర జేబులో ఉంటే చాలు. మొదటి ముద్దతోనే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే లాభం లేదు.

పాలు బాగా తగ్గించినవారు కాల్షియం లెక్క చూసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు సిఫారసు చేస్తోంది. కప్పు పాలిచ్చే 300 మిల్లీగ్రాములు వంద గ్రాముల రాగిపిండిలోనూ వస్తాయి. ముల్లుతో సహా తినే డబ్బా సార్డీన్ చేపలు, కాల్షియం కలిపిన సోయాపాలు, భారతీయ దుకాణాల్లో దొరికే మునగాకు మిగతాది పూరిస్తాయి. పాలకూరలోని కాల్షియం మాత్రం ఆక్సలేట్ల వల్ల ఒంటికి పెద్దగా పట్టదు. కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి ఉండాలి, ఉత్తరాన ఉన్న చలిదేశాల చలికాలపు ఎండలో అది తయారుకాదు. బ్రిటన్ ప్రభుత్వం శరదృతువు, చలికాలాల్లో రోజుకు 10 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునే విషయం ఆలోచించమని అందరికీ చెబుతుంది. దక్షిణాసియా వాసుల్లాంటి ముదురు ఛాయవారైతే ఏడాది పొడవునా వేసుకోవడం గురించి ఆలోచించమంటుంది.