మా అమ్మ ‘ఫ్రాథీ’గా ఉంటుందట!

మేముండేది ఇంగ్లండులో. మా అమ్మాయి ఇయర్ ఫోర్ చదువుతోంది. ప్రతి గురువారం బడిలో పది ఇంగ్లీషు మాటలు ఇస్తారు. ఒక్కో మాటతో ఒక్కో వాక్యం రాసి సోమవారం పట్టుకెళ్లాలి. పిల్లలున్న మీ ఇళ్లలోనూ ఈ తతంగం ఉండే ఉంటుంది.

మొన్నటి జాబితాలో ఆరో మాట ‘ఫ్రాథీ’. నేను దోసెలు వేస్తుంటే తను గబగబా పది వాక్యాలూ రాసేసి, పుస్తకం నా దగ్గర పెట్టి ఆటకు పోయింది. చూసుకుంటూ వచ్చి ఆరో వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మై మమ్ ఈజ్ ఫ్రాథీ.’

ఫ్రాత్ అంటే నురగ అని తెలుసు. మరి నేను నురగలా ఉండడమేమిటి? స్టవ్ కట్టేసి డిక్షనరీ తీశాను. మొదటి అర్థం నురగతో నిండినది. రెండో అర్థం తేలికపాటిది, సరదాకి తప్ప లోతు లేనిది.

నవ్వి ఊరుకోవాల్సిన మాటే. కానీ ఎక్కడో కలుక్కుమంది. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్లికి ముందు రెండేళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇక్కడికొచ్చాక ఎనిమిదేళ్లుగా ఇల్లే లోకం. “మీరేం చేస్తుంటారు?” అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సమాధానం కోసం తడుముకుంటాను. ఆఖరికి కూతురికి కూడా నేను బరువు లేని మనిషిలా కనిపిస్తున్నానా అనిపించింది.

మావారికి చూపిస్తే, “నీకు కోపమొస్తే నోట్లోంచి నురగలొస్తాయని రాసిందేమో” అన్నారు. ఇంగ్లీషులో విపరీతమైన కోపానికి నోట నురగ అనే వాడుక ఉంది మరి. అదీ నాకు ఓదార్పేమీ కాలేదు.

చివరికి పాపనే అడిగాను. “నువ్వు అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు బోలెడు నవ్వుతావు కదమ్మా! బబ్లీ అని రాద్దామనుకున్నా. ఆ మాట పోయినవారమే రాసేశా. రెండింట్లోనూ బుడగలే కదా, ఒకటే అనుకున్నా” అంది.

నా బరువంతా ఒక్కసారిగా దిగిపోయింది. అయినా తప్పు తప్పే కదా, దిద్దాలి. మన పిల్లలకు అర్థాలు త్వరగానే పట్టుబడతాయి. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందన్నదే ఆలస్యంగా వస్తుంది. అది మనం పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

ఎప్పుడూ హుషారుగా, నవ్వుతూ ఉండే మనిషి బబ్లీ. అది మెచ్చుకోలు. గ్యాసుతో చురచురలాడే సోడా ఫిజ్జీ. సబ్బునీళ్లు ఫోమీ. ఫ్రాథీ కాఫీకీ, మిల్క్‌షేకుకీ, ఒడ్డుకు కొట్టే అలకీ సరిపోతుంది. జాలరులా పొంగినట్టుండే లేసు గౌనునూ అలా అనొచ్చు. ఒక సినిమానో నవలనో ఫ్రాథీ అంటే హాయిగా గడిచిపోయింది, మనసులో పెద్దగా మిగిలిందేమీ లేదు అని. అందులో మెచ్చుకోలూ ఉంది, చిన్న చురకా ఉంది. అందుకే మనుషులకు వాడేటప్పుడు జాగ్రత్త.

“తెలుగులో ఏమంటారు?” అని అడిగింది. ఇక్కడే కాస్త ఆలోచించాల్సొచ్చింది. మనకు నురగ అంటే సరదా గుర్తుకు రాదు. ‘నురగలు కక్కుతూ పరుగెత్తింది’ అంటే అలసట. నీటిబుడగ అంటే నిలవనిది. పాలపొంగు అంటే ఎంత త్వరగా లేస్తుందో అంత త్వరగా చల్లారే ఆవేశం. కాబట్టి ఫ్రాథీ సినిమాను ‘నురగ సినిమా’ అంటే ఎవరికీ అర్థం కాదు. దానికి మన దగ్గర వేరే మాటే ఉంది, కాలక్షేపం బఠాణీలు! ఫ్రాథీ కబుర్లంటే ఉబుసుపోక కబుర్లు. బఠాణీల మాట విని పాప పడీపడీ నవ్వింది.

తర్వాత నాలోని కెమిస్ట్రీ టీచరు ఊరుకోలేదు. మూడు గాజు సీసాలు తీశాను. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో పాలు, ఇంకోదాంట్లో చిటికెడు కుంకుడుపొడి కలిపిన నీళ్లు పోసి మూతలు బిగించి, బాగా కుదపమన్నాను. మంచినీళ్లలో బుడగలు లేచినట్టే లేచి పోయాయి. పాలమీద నురగ కాసేపుంది. కుంకుడునీళ్ల నురగ మేం దోసెలు తినడం అయ్యేదాకా అలాగే ఉంది.

“గాలి మూడింట్లోకీ వెళ్లింది. మరి రెండింట్లోనే నురగ ఎందుకు నిలిచింది?” అని అడిగి, నేనే చెప్పాను. బుడగ చుట్టూ గోడలా నిలబడేది ఏదో ఒకటి నీళ్లలో ఉండాలి. పాలల్లో ఆ పని ప్రోటీన్లు చేస్తాయి. కుంకుడుకాయలో సాపోనిన్లనే పదార్థాలు చేస్తాయి. ఆ చెట్టు శాస్త్రీయ నామంలోని సాపిండస్ అనే మాటకు అర్థం కూడా భారతదేశపు సబ్బు అనే. ఇక్కడి కఫేల్లో ఆవిరితో పాలు నురగ తెప్పించేటప్పుడు 60-65 డిగ్రీల దగ్గర ఆపేది కూడా ఇందుకే. మరీ మరిగిస్తే ప్రోటీన్లు దెబ్బతిని నురగ నిలవదు, రుచీ పోతుంది.

అంతా విని పాప, “నీకివన్నీ ఎలా తెలుసు?” అంది. కాలేజీలో చెప్పేదాన్నని అంటే కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. “నువ్వు టీచరువా? నాకెప్పుడూ చెప్పలేదే!”

నిజమే, ఎప్పుడూ చెప్పలేదు. నన్ను తేలిగ్గా చూస్తున్నారేమోనని లోకం మీద అలిగాను కానీ, నేనెవరో నా కూతురికే చెప్పుకోలేదు. ఆ రాత్రి మా కాలేజీ ల్యాబు, పగలగొట్టిన పరీక్షనాళికలు, నా మొదటి క్లాసులో వణికిన కాళ్లు, అన్నీ చెబితే నిద్ర మానేసి వింది.

మర్నాడు పొద్దున్న నేను కాఫీని గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తుంటే, పక్కనే నిలబడి చూసి, రబ్బరుతో ఆరో వాక్యం చెరిపేసింది. దాని స్థానంలో ఇలా రాసుకుంది: మా అమ్మ ఫ్రాథీ కాఫీ చేస్తుంది, ఆ నురగ ఎందుకు నిలుస్తుందో కూడా మా అమ్మకు తెలుసు.