బీమా బాట పట్టిన బందరు వైద్యుడు

ఉప్పలు, నాచారం ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలలలో పనిచేసే ఉపాధ్యాయుడు తన జీతపు పట్టీని ఒకమారు నిదానంగా చదివితే, అందులో ప్రభుత్వ జీవిత బీమా క్రింద కొంత సొమ్ము మినహాయించిన పద్దు కానవస్తుంది. దానిని కోతగా భావించి విసుగుకొనేవారే గాని, దాని వెనుక నూరేండ్లకు పైబడిన చరిత్ర ఒకటి కలదని తలపోసేవారు అరుదు. నిజాము పరిపాలనలో 1907లో ఉద్యోగుల కుటుంబ పింఛను నిధిగా పుట్టి, 1913లో జీవిత బీమా నిధిగా రూపుదాల్చిన ఏర్పాటు అది. రాజ్యం పోయింది, రాష్ట్రాలు కలిసి మరల విడిపోయినవి. ఆ పద్దు మాత్రం నిలిచి ఉన్నది. నాచారం పారిశ్రామిక వాడలో కార్మికునికి జబ్బు చేస్తే అక్కడి ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి పోతాడు. అదియు 1948 నాటి చట్టం మూలంగా కలిగిన బీమా సౌకర్యమే.

హైదరాబాదు రాజ్యంలో సర్కారు కొలువున్నవానికి సర్కారే ఈ నీడ కల్పించింది. మరి కొలువు లేనివాని సంగతి? కృష్ణాతీరపు రైతుకు, చిల్లర వర్తకునికి, వీథిబడి పంతులుకు అట్టి నీడ పట్టే ప్రభువెవ్వడూ లేడు. వారి కోసం వారి సొమ్ముతోనే ఆ నీడను అల్లడానికి పూనుకొన్నవారిలో ముందుగా తలచుకొనదగినవారు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. దేశమంతట తిరిగి, కోటలలో ఖైదీగాను రాజభవనంలో గవర్నరుగాను నివసించి, ఆయన తుదకు 1959 డిసెంబరు 17న కన్నుమూసినది ఈ హైదరాబాదులోనే.

చరిత్ర పాఠ్యగ్రంథాలలో పట్టాభి పేరు సాధారణంగా ఒకే సందర్భంలో వస్తుంది. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష పదవికి సుభాషచంద్ర బోసుతో పోటీపడి రెండువందల పైచిలుకు వోట్ల తేడాతో ఓడినారు. పట్టాభి ఓటమి తన ఓటమియేనని గాంధీ మహాత్ముడు ప్రకటించడంతో ఆ ఓటమికి శాశ్వతమైన ప్రసిద్ధి లభించింది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు సమాధానంగా మన విద్యార్థులు నేర్చే పట్టాభి ఇంతే. అంతటి జీవితాన్ని ఒక్క దినపు వోట్ల లెక్కతో సరిపెట్టడం న్యాయం కాదు. ఆయన వేసిన లెక్కలు వేరే ఉన్నవి.

ఏలూరు చేరువనున్న గుండుగొలనులో 1880 నవంబరు 24న పట్టాభి జన్మించారు. తండ్రి కరణం. ఆ పిల్లవాని చిన్ననాటనే తండ్రి గతించగా కుటుంబం పేదరికంలో పడింది. చదువు ఏలూరులో, బందరు నోబులు కళాశాలలో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో సాగింది. ఆపైన వైద్యపట్టం పుచ్చుకొని బందరులో వైద్యవృత్తి పెట్టి చక్కగా రాణించారు. సంపాదించే మనిషి హఠాత్తుగా పోతే ఒక ఇల్లు ఏమగునో ఆయనకు పుస్తకాలు చెప్పవలసిన పని లేకపోయింది. బాల్యంలో తన ఇంట చూచినారు. వైద్యుడై పరుల ఇండ్లలో చూచినారు.

బందరు పట్టణానికి కూడ ఆ పాఠం క్రొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీన వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణంలోను చుట్టుపట్లను సుమారు ముప్పదివేలమంది మరణించారు. సముద్రం ఏ రాత్రి ఊరిమీదికి వచ్చునో ఎరుగని జనం, విధిని నమ్ముకొని బ్రతకడం తప్ప మరొక ఉపాయం ఎరుగరు.

ఇక్కడ మాటను గురించి ఒక్క మాట. ‘బీమా’ మన మాట కాదు. పారసీ నుండి ఉర్దూ మీదుగా మనకు దిగింది. పారసీలో ‘బీమ్’ అనగా భయం. మనవారు అనేకులు దానిని ‘భీమా’ అని ఒత్తు పెట్టి వ్రాసి, పాండవులలో రెండవవానికి ముడివేశారు. ఒత్తు అశాస్త్రీయమే గాని, ‘భీమ’ శబ్దానికి సంస్కృతంలో భయంకరుడనే గదా అర్థం! రెండు దారులూ భయం దగ్గరకే చేరడం వింతగానే ఉన్నది.

ఆ భయాన్ని లెక్కలోనికి తెచ్చుటే బీమా శాస్త్రం. ఉదాహరణకు ముప్పది ఏండ్ల వయస్సుగల వేయిమంది ఒక కట్టుగా చేరినారనుకొందాము. వారిలో ఏడాదికి అయిదుగురు మరణించవచ్చునని అనుభవం తెలిపిందనుకొందాము. ఆ అయిదుగురెవరో బ్రహ్మకు గాని తెలియదు. అయిదుగురన్న సంఖ్య మాత్రం ఇంచుమించుగా తెలియును. చనిపోయినవాని ఇంటికి వేయి రూపాయలు ఇవ్వాలంటే మొత్తం అయిదువేలు కావాలి. తలకు అయిదు రూపాయలు పడుతుంది. వయస్సు పెరిగిన కొద్దీ మరణాల సంఖ్య పెరుగును గనుక, పడుచువయస్సులో కొంత ఎక్కువ వసూలుచేసి, దానిని వడ్డీకి త్రిప్పి, వార్ధక్యపు లోటును పూడుస్తారు. కంపెనీ ఖర్చులు దానికి కలుపుతారు. గణితం బోధించే ఉపాధ్యాయులు సంభావ్యతను గూర్చి చెప్పేటప్పుడు నాణెములు, పాచికలు చూపుతూ ఉంటారు. ఈ లెక్క కూడ చూపితే పిల్లలు మరవరు.

అయితే ఈ లెక్కకు ఒక నియమం ఉన్నది: వేయిమంది చేరాలి. పదిమందే చేరితే అది శాస్త్రం కాదు, జూదం. ఒక్క ఊరివారే చేరితే ఒక్క ఉప్పెన వచ్చినంతనే నిధి సాంతం మునుగుతుంది. కనుక బీమా నడిపేవాడు ఇల్లు కదలక తప్పదు. ఊరూరా తిరగాలి, పలుజిల్లాల జనాన్ని ఒక కట్టుగా కట్టాలి. తిరుగుడు ఆ వృత్తికి ప్రాణం.

మన దేశంలో బీమా తెల్లవారి వితంతువుల కొరకు పుట్టింది. 1818లో కలకత్తాలో ఓరియంటల్ కంపెనీ ఏర్పడినప్పుడు దాని దృష్టి ఐరోపా వారిపైననే. తరువాత కాలంలో భారతీయుల ప్రాణాలకు బీమా చేసినా, వారి వద్ద అధికపు ప్రీమియం వసూలు చేసేవారు. 1870లో బొంబాయి మ్యూచువల్ సంస్థ భారతీయులకును ఐరోపా వారి రేటే వర్తింపజేసింది. ఒక జాతివాని ప్రాణం మరియొక జాతివాని ప్రాణంకంటె హెచ్చు ప్రమాదకరమైన సరుకు అని లెక్క కట్టడంలోని అవమానం, స్వదేశీ ఉద్యమ కాలానికి గాని దేశానికి పూర్తిగా తలకెక్కలేదు. 1906లో మద్రాసులో యునైటెడ్ ఇండియా, కలకత్తాలో నేషనల్, 1907లో హిందూస్థాన్ కోఆపరేటివ్ సంస్థలు పుట్టినవి ఆ వేడిలోనే.

బందరు ఆ ఉద్యమపు ఆంధ్ర కేంద్రాలలో ఒకటి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు ప్రభృతులతో కలిసి పట్టాభి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. 1916లో వైద్యవృత్తి మానివేసి పూర్తిగా ప్రజాకార్యాలకు అంకితమైనారు. రోగి నాడి చూచే చేయి అప్పటినుండి రైతు జేబును పరీక్షింపసాగింది. 1915లోనే కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923 నవంబరు 28న లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1927లో వడియమన్నాడు భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ ఆయన కృషితో వెలసినవి. సత్యాగ్రహాలు చేసి మధ్యమధ్య చెరసాలకు పోయివస్తూ ఒక మనిషి ఇన్ని సంస్థలకు పునాది వేయడం ఆశ్చర్యకరం.

వీనిలో బీమా కంపెనీని ప్రత్యేకించి చెప్పుకొనవలసిన కారణం స్త్రీలకు సంబంధించినది. ఆనాటి మితాక్షర ధర్మంలో ఉమ్మడి కుటుంబానికి చెందిన పురుషుడు మరణిస్తే అతని భాగం సోదరులకు పోయేది. భార్యకు మిగిలినది మనోవర్తి మాత్రమే. తిండి పెట్టేవారి దయపై ఆమె బ్రతుకు నడవాలి. 1937లో చట్టం వచ్చేవరకు ఇదే స్థితి. బీమాపత్రం ఈ గోడకు సన్నని కన్నం వేసింది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ప్రకారం, భర్త తన భార్యాబిడ్డల మేలుకై తీసికొన్న బీమాపై అతని అప్పులవారికి హక్కు లేదు. ఈ రక్షణ హిందువులకు కూడ వర్తించునని 1923 నాటి సవరణ స్పష్టం చేసింది. రెండేండ్లకు బందరులో ఆంధ్రా ఇన్సూరెన్సు తలుపులు తెరిచింది. ఉమ్మడి ఆస్తిలో గవ్వంతైన సొంతం కాని ఇల్లాలికి, తన పేరు వ్రాసి ఉన్న కాగితం ఒకటి పెట్టెలో దొరకడం సామాన్యమైన సంగతి కాదు. సంఘసంస్కరణపై ఉపన్యాసాలు చాల జరిగినవి. వితంతువు చేతికి రొక్కం అందించిన సంస్కరణ ఏదని అడిగితే, బీమాకు ముందు వరుసలో చోటివ్వాలి.

పట్టాభి పర్యటనలు ఆంధ్రదేశంతో ఆగలేదు. సంస్థానాల ప్రజల మహాసభకు నాయకుడుగా, రాజుల పాలనలో నోరులేక పడియున్న ప్రజల సమస్యలను భుజాన వేసికొన్నారు. 1942 ఆగస్టులో బొంబాయిలో అరెస్టయి, నెహ్రూ, పటేలు, ఆజాదు మొదలైనవారితో అహమ్మదునగరు కోటలో దాదాపు మూడేండ్లు నిర్బంధంలో ఉన్నారు. కాలు కదపరాని ఆ కోటలోనూ ఆయన కలం కదిలింది. అక్కడి దినచర్య గ్రంథమై వెలువడింది. అంతకు ముందే, 1935లో, కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భాన ఆయన వ్రాసిన కాంగ్రెసు చరిత్ర దేశమంతట చదువబడింది. 1948లో పురుషోత్తమదాస్ టండన్‌పై గెలిచి జయపూరు కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. త్రిపురిని నేర్పే పాఠ్యగ్రంథాలు జయపూరును ఏల మరచినవో!

ఆయనను విమర్శించదగిన తావులు లేకపోలేదు. జవాహరు, వల్లభభాయి, పట్టాభుల సంఘం మద్రాసు నగరంపై ఆశ వదులుకొంటే గాని ఆంధ్రరాష్ట్రం రాదని 1949లో చెప్పినప్పుడు, 1913 నుండి ఆంధ్రోద్యమంలో ముందున్న మనిషి ఆ మాటపై సంతకం చేయడం పలువురికి కష్టం తోచింది. రాష్ట్రం 1953లో మద్రాసు లేకుండానే వచ్చింది.

బీమా వ్యాపారానికి సైతం మచ్చలు ఏర్పడసాగినవి. పాలసీదారుల సొమ్మును స్వంత వ్యాపారాలకు మళ్ళించే పెట్టుబడిదారులు ప్రవేశించారు. 1955కు ముందరి పదేండ్లలో ఇరువదియైదు కంపెనీలు దివాలా తీసినవి. మరి ఇరువదియైదు తమ వ్యాపారాన్ని పరులకు అప్పగించి తప్పుకొన్నవి. 1955 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోకసభలో ఈ దుర్వినియోగాన్ని ఎండగట్టారు. 1956 జనవరి 19న ఆర్డినెన్సు వచ్చింది. సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ అవతరించి, 154 భారతీయ కంపెనీలను, 16 విదేశీ కంపెనీలను, 75 ప్రావిడెంటు సంఘాలను తనలో కలుపుకొన్నది. నిప్పుతోపాటు నీరు కూడ ఒకే కుండలో పడినట్లు, ప్రజాసేవకై పుట్టిన కంపెనీలు సైతం దోపిడి కంపెనీలతో కలిసి పేరు కోల్పోయినవి. ప్రభుత్వోద్యోగులకై ప్రభుత్వాలే నడిపే నిధులను మాత్రం ఆ చట్టం విడిచిపెట్టింది. అందుచేతనే హైదరాబాదు నిధి ఇప్పటికి నిలిచింది.

ఆర్డినెన్సు వెలువడేనాటికి పట్టాభి మధ్యప్రదేశ్ గవర్నరు. 1952 నుండి 1957 వరకు ఆ పదవిలో ఉన్నారు. రాజధాని నాగపూరు నుండి భోపాలుకు మారడం ఆయన హయాములోనే జరిగింది. తాను బందరులో నాటిన బీమా మొక్కను, తాను జీవితమంతా సేవించిన పక్షపు ప్రభుత్వమే పెరికి పెద్దతోటలో నాటుతుండగా, ఆయన రాజ్యాంగ పదవిలో ఉండడం విధివిలాసం. ఆంధ్రా బ్యాంకు ఆయన తరువాత చాలకాలం పేరు నిలుపుకొన్నది. 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది.

డెబ్బదితొమ్మిదేండ్లు నిండిన పిమ్మట మూడు వారాలకు ఆయన మరణించారు. అప్పటికి ఉప్పలు, నాచారం ఊరి వెలుపలి పల్లెలు. బందరు కంపెనీ ఇచ్చిన బీమాపత్రాలు ఆనాటికి జీవిత బీమా సంస్థ ఖాతాలలో చేరినవి. వాని బాధ్యతలన్నీ చట్టం ఆ సంస్థకు అప్పగించినందున, కంపెనీ లేకున్నను, స్థాపకుడు లేకున్నను, గడువు తీరిన పత్రానికి సొమ్ము చెల్లవలసినదే.