రెండు ప్రాసెస్‌ల మధ్య ఒక గొట్టం

మా కొమరోలు వైపు గొట్టం సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. బోరు నుంచి తొట్టికి, తొట్టి నుంచి చేనుకు నీళ్లు పారాలంటే అదే దిక్కు. కంప్యూటరులోనూ ఇటువంటి గొట్టం ఒకటి ఉన్నది. తోటగొట్టాల మాదిరి ప్రోగ్రాములను ఒకదానికొకటి తగిలించే వీలుండాలని బెల్ లేబొరేటరీస్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే రాసిపెట్టాడు. 1973లో కెన్ థాంప్సన్ దానిని యూనిక్స్‌లో అమర్చాడు. పేరు పైప్.

దీని అవసరమేమిటంటే, ఒక ప్రాసెస్ మెమొరీ మరొకదానికి కనబడదు. ఫోర్క్ చేయగానే తల్లి వేరియబుల్స్ పిల్లకు నకలుగా వస్తాయి. ఆపైన ఎవరి కాపురం వారిదే. పిల్ల కట్టిన లెక్క తల్లికి చేరాలంటే దారి కావాలి గదా! సి భాషలో పైప్ అనే కాల్‌కు రెండు గళ్ల అర్రే ఇస్తే, కెర్నల్ అందులో రెండు నంబర్లు వేసి ఇస్తుంది. సున్నా గడిలోది చదివే కొస, ఒకటో గడిలోది రాసే కొస. ప్రవాహం ఒకవైపే. దీనిని ఫోర్క్‌కు ముందే పిలవాలి. అప్పుడే కొసలు ఇద్దరికీ సంక్రమిస్తాయి.

చిక్కంతా ఇక్కడే. ఫోర్క్ తరువాత కొసలు రెండు కావు, నాలుగు. రాసే కొసలన్నీ మూతపడి, లోపలిది ఖాళీ అయితేనే రీడ్ సున్నా తెచ్చి "ఇక లేదు" అంటుంది. చదివే తల్లి తన దగ్గరున్న రాసే కొసను క్లోజ్ చేయకపోతే, తానే రాస్తుందేమోనని తనకోసం తానే కాచుక్కూచుంటుంది! లాబులో "హ్యాంగయింది సార్" అనే కేకలు వినబడితే నేను మొదట వెతికేది ఈ క్లోజ్‌నే.

రెండోది మరీ మోసకారి. పైప్ నిజానికి గొట్టం కంటే తొట్టికి దగ్గర. లినక్స్‌లో మామూలుగా 65,536 బైట్లు పడుతుంది. నిండితే రాసేవాడు ఆగాలి, ఎండితే చదివేవాడు ఆగాలి. తల్లి ముందు వెయిట్ పిలిచి, పిల్ల ముగిశాకే చదువుదామనుకుంటే, పదిమంది మార్కుల జాబితాకు ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. యూనివర్సిటీ మొత్తం జాబితా ఇస్తే తొట్టి నిండి పిల్ల ఆగుతుంది, పిల్ల కోసం తల్లి ఆగుతుంది. ఇద్దరూ అట్లాగే ఉండిపోతారు. చదివాకే వెయిట్ పిలవాలి.

చదివేవాడెవడూ లేని పైప్‌లో రాస్తే సిగ్‌పైప్ సిగ్నల్ వచ్చి, పట్టుకోకపోతే ప్రాసెస్‌నే ముగిస్తుంది. బంధుత్వం లేని ప్రాసెస్‌లకు మాత్రం, పేరుపెట్టి ఫైలులా తెరుచుకొనే ఫిఫో వేరే ఉన్నది.