కిడ్నీ క్యాన్సర్‌లో బరువు లెక్క: 25.6 నెలలు, 17.1 నెలలు

లావుగా ఉన్నవాళ్లకు కిడ్నీ క్యాన్సర్ వచ్చే ముప్పు ఎక్కువ. ఆ జబ్బు ఒంట్లో ఇతర భాగాలకు పాకాక మాత్రం లావుగా ఉన్నవాళ్లే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. రెండూ పరిశోధనల్లో కనిపించిన మాటలే. రెండో మాట ఒక్కటే చెవిన పడితే ‘లావుంటేనే మంచిదట’ అనే ప్రచారం మొదలవుతుంది. అందుకే ఈ అంకెల్ని కాస్త నిదానంగా చదవాలి.

ముందు ముప్పు సంగతి. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. అది 5 పెరిగితే కిడ్నీ క్యాన్సర్ ముప్పు మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 34 శాతం పెరుగుతోందని 2008లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. 165 సెంటీమీటర్ల మనిషికి 5 బీఎంఐ అంటే సుమారు 13.6 కిలోలు. పెళ్లి నాటికీ యాభయ్యో ఏటికీ మధ్య అంత బరువు తెలియకుండానే వచ్చి చేరవచ్చు.

ఇక బతికిన కాలం. 2016లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చిన అధ్యయనం, జబ్బు పాకి టార్గెటెడ్ మందులు వాడిన 1,975 మందిని పరిశీలించింది. బీఎంఐ 25, ఆపైన ఉన్నవాళ్లలో సగం మంది 25.6 నెలలు దాటి బతికారు. 25 లోపు వాళ్లలో ఆ అంకె 17.1 నెలలే. క్లినికల్ ట్రయల్స్‌లోని మరో 4,657 మందిని చూసినా అదే ధోరణి: 23.4 నెలలు, 14.5 నెలలు.

ఎనిమిదిన్నర నెలల తేడా చిన్నది కాదు. కానీ అదంతా బరువు పుణ్యమే అనుకోకూడదు. జబ్బు తీవ్రత వంటి ఇతర తేడాల్ని సరిచేశాక, బరువున్నవాళ్లలో మరణాల రేటు 16 శాతమే తక్కువగా తేలింది. ఆ రేటు మొదటినుంచీ ఒకేలా ఉంటుందనుకుని నేను వేసిన ఉజ్జాయింపు లెక్కలో 17.1 నెలలు 20 నెలల దగ్గర ఆగాయి, 25.6 దాకా వెళ్లలేదు. అంటే రెండు గుంపుల మధ్య తేడా బరువులోనే కాదు, జబ్బు తీరులోనూ ఉంది.

అసలు చిక్కు, బరువు ఎప్పుడు తూచారన్నది. క్యాన్సర్ మనిషిని కరిగిస్తుంది. చికిత్సకు వచ్చిన రోజు బీఎంఐ 23 ఉన్న మనిషి ఎప్పటినుంచో అలాగే ఉన్నాడా, ఏడాది కిందట 28 ఉండి చిక్కిపోయాడా? ఆ ఒక్క అంకె చెప్పదు. చిక్కిపోయినవాళ్లంతా ‘సన్నవాళ్ల’ లెక్కలోకి చేరితే ఆ గుంపు ఆయుష్షు తగ్గక ఏమవుతుంది? పైగా బీఎంఐకి కండ, కొవ్వు తేడా తెలియదు. చికిత్సను తట్టుకోవడానికి కావలసింది కండ.

కిడ్నీ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకున్న 2,119 మందిపై అమెరికాలో జరిగి, 2013లో వెలువడిన అధ్యయనం కూడా ఈ జాగ్రత్తే చెబుతోంది. స్థూలకాయుల్లో జబ్బు ముదిరాక బయటపడటం తక్కువగా కనిపించింది. జబ్బు దశను, గడ్డ తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక, బరువుకీ క్యాన్సర్ మరణాలకీ స్పష్టమైన సంబంధం మిగల్లేదు.

అలాగని అంతా లెక్కల మాయే అని కొట్టిపారేయడమూ తప్పే. కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో గడ్డ కణాల నిండా కొవ్వు ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఫాస్న్ అనే జన్యువు స్థూలకాయుల గడ్డల్లో తక్కువగా పనిచేస్తోందని అదే 2013 అధ్యయనం గుర్తించింది. స్థూలకాయుల గడ్డల్లో కొత్త రక్తనాళాల పెరుగుదల ఎక్కువని 2020లో లాన్సెట్ ఆంకాలజీ వ్యాసం చూపింది. సునిటినిబ్, పజోపనిబ్ వంటి టార్గెటెడ్ మందులు దెబ్బకొట్టేది సరిగ్గా ఆ రక్తనాళాలనే. కాబట్టి ఇలాంటి గడ్డ మందుకు మెరుగ్గా లొంగే అవకాశం ఉంది. నాకు ఇది ఆశ కలిగించే దారి, ఎందుకంటే ఇక్కడినుంచి కొత్త చికిత్సలు పుట్టవచ్చు.

ఈ అధ్యయనాల్లో ఎవరికీ బరువు పెంచి చూడలేదు. ఉన్న బరువును రాసుకున్నారంతే. అందువల్ల ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వీటిని చూసి బరువు పెంచుకోవడానికి ఆధారం లేదు. పైగా మన దగ్గర అధిక బరువు ఇప్పటికే ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 25, ఆపైన బీఎంఐ ఉన్న మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం, దేశ సగటు 24 శాతం. భారతీయులకు మన వైద్యుల్లో చాలామంది 25నే స్థూలకాయం గీతగా తీసుకుంటూ వచ్చారు.

జబ్బు బయటపడినవాళ్ల విషయం వేరు. మన ఇళ్లలో క్యాన్సర్ అనగానే పథ్యం మొదలవుతుంది. జావ తాగిస్తారు, పప్పు మాన్పిస్తారు, గుడ్డు ముట్టనివ్వరు. ఇలా సొంతంగా తిండి కోసేస్తే ముందు పోయేది కండే. ఒక కిడ్నీ తీసేసినవాళ్లు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టర్‌నీ డైటీషియన్‌నీ అడిగి తేల్చుకోవాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆరు నెలల కిందటి బరువు కూడా రాసి తీసుకెళ్లండి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో 5 శాతానికి మించి, అంటే 70 కిలోల మనిషి మూడున్నర కిలోలకు మించి తగ్గితే, మనిషి ఇంకా లావుగా కనిపిస్తున్నా సరే, ఆ సంగతి వెంటనే చెప్పాలి.