కార్టూనిస్టు కట్టుకున్న విక్టోరియన్ ప్రపంచం

లండన్‌లోని కెన్సింగ్టన్ ప్రాంతంలో, 18 స్టాఫర్డ్ టెర్రస్. ఒకే గోడ పంచుకుంటూ బారుగా నిలిచిన మేడల్లో అదొకటి. బయటి నుంచి చూస్తే ప్రత్యేకత ఏమీ కనిపించదు. గడప దాటితే మాత్రం విక్టోరియా రాణి ఇంకా ఏలుతున్నట్టే ఉంటుంది: రంగుటద్దాల కిటికీలు, నీలం-తెలుపు పింగాణీ, గోడ కనిపించనంతగా పటాలు.

ఇంటిని ఇలా నింపినవాడు ఎడ్వర్డ్ లిన్లీ శాంబోర్న్. 1867 నుంచి ‘పంచ్’ హాస్య పత్రికకు బొమ్మలు వేసిన కార్టూనిస్టు. 1874లో మారియన్‌ను పెళ్లాడి, మరుసటి ఏడాది ఇక్కడ కాపురం పెట్టాడు. అభిరుచి ఘనం, ఆదాయం అంతంతమాత్రం. గోడలకు ఖరీదైన కొత్త కాగితం అతికించినప్పుడు పటాల వెనక భాగం వదిలేశాడు. విలియం మోరిస్ రూపొందించిన పాత కాగితం అక్కడ అలాగే ఉండిపోయింది. బొమ్మల్లో భంగిమలు సరిగ్గా కుదరాలని ఇంట్లోవాళ్లచేతా పనివాళ్లచేతా వేషాలు వేయించి ఫొటోలు తీసేవాడు. వాటిని కడగడానికి స్నానాలగదే డార్క్‌రూమ్. ఆ సంసారం రోజువారీ ముచ్చట్లు మారియన్ డైరీల్లో దొరుకుతాయి.

శాంబోర్న్ 1910లో, మారియన్ 1914లో కన్నుమూశారు. ఇల్లు కొడుకు రాయ్‌కి వచ్చింది. అతను పెళ్లి చేసుకోలేదు. కొత్త కాపురం కోసం పాత సామాను కదిలించాల్సిన పనే పడలేదు. 1946లో అతను పోయాక అక్క మోడ్, ఆమె తర్వాత కూతురు ఆన్ ఇంటిని చూసుకున్నారు.

రాస్ కౌంటెస్ అయిన ఈ ఆన్‌కు తాతగారి ఇల్లంటే ప్రాణం. అప్పటికి విక్టోరియన్ శైలంటే ఇంగ్లండులో చిన్నచూపు. ఆ కాలపు కట్టడాలను ఎడాపెడా కూల్చేస్తున్నారు. వాటిని కాపాడేదెలాగని 1957 నవంబరులో ఆమె కొందరిని ఈ ఇంటికే పిలిచి చర్చ పెట్టింది. ఆ చర్చ ఫలితంగా 1958లో విక్టోరియన్ సొసైటీ ఏర్పడింది. కవి జాన్ బెట్జెమన్, కళాచరిత్రకారుడు నికొలస్ పెవ్స్‌నర్ దాని వెన్నుదన్నుగా నిలిచారు. యూస్టన్ స్టేషన్ ముందరి రాతి తోరణాన్ని మాత్రం దక్కించుకోలేకపోయారు. సెయింట్ పాంక్రాస్ స్టేషన్ విషయంలో గెలిచారు: 1967లో దానికి చట్టపరమైన రక్షణ లభించింది.

1980లో ఆన్ ఇంటిని సామానుతో సహా గ్రేటర్ లండన్ కౌన్సిల్‌కు అమ్మింది. విక్టోరియన్ సొసైటీ దాన్ని మ్యూజియంగా నడిపింది. 1989 నుంచి స్థానిక కౌన్సిల్ చేతిలో ఉంది. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్లు దివాన్‌ఖానాతోపాటు వంటగదినీ, పనిమనిషి పడుకున్న పై అంతస్తు గదినీ చూడొచ్చు.